స్వంత అభ్యర్థన మేరకు

ఎనిమిదేళ్ల కింద నేను ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు బదిలీ అయ్యాను. ఆ బదిలీ నా మీద కక్షగట్టి ఎవరో చేయించింది కాదు. నేనే తెల్లకాగితం మీద రాసిచ్చి, రెండుసార్లు కడపకు తిరిగి, అడిగి తెచ్చుకున్నాను. ఆ మాట అప్పుడు ఇంట్లో చెప్పలేదు.

మా బంధువుల్లో ఈ సంగతి ఇంకో రకంగా చెప్పుకుంటారు. నాకు అన్యాయంగా బదిలీ పడిందనీ, తొండూరులో ఉన్న నా భార్య అన్న తలచుకుంటే ఒక్క ఫోనుతో ఆగిపోయేదనీ, ఆయన తలచుకోలేదనీ, అందుకే ఆ అన్నాచెల్లెళ్లకు మాటలు పోయాయనీ అంటారు. పెళ్లి భోజనాల్లో నా పక్కనే కూర్చుని ఈ మాటలు అంటుంటే నేను తల వంచుకుని అన్నం కలుపుకునేవాణ్ణి. ఆయన తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. అది రాసిపెట్టడానికే ఇదంతా.

ప్రొద్దుటూరులో మేం పదకొండేళ్లు ఒకే అద్దె ఇంట్లో ఉన్నాం. ఆ ఇంటి ముందుగది నిండా ఒక కొయ్యచట్రం ఉండేది. మగ్గం వర్కు చట్రం. జాకెట్టు గుడ్డను దాని మీద డప్పు తోలు మాదిరి బిగించి కట్టి, కొక్కెం మొన ఉన్న సూదితో పూసలు, జరీ, చెమ్కీలు కుడతారు. చట్రానికి ఒక పక్క నా భార్య, రెండో పక్క పక్కింటామె కూర్చునేవాళ్లు. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. నా భార్య ఆమెను ఆపా అని, అంటే ఉర్దూలో అక్క అని పిలిచేది. ఆ పని నేర్పింది ఆపానే, కానీ రెండేళ్లలోనే ఆపా అందరితో చెప్పడం మొదలుపెట్టింది, "నాది చెయ్యి, ఈమెది కన్ను" అని. మధ్యాహ్నం పూట తలుపు సందులోంచి వెలుగు ఒక పట్టీలా లోపలికి వచ్చి ఆ గుడ్డ మీద పడేది. అప్పుడు గది గోడల మీద చిన్న చిన్న వెలుగు చుక్కలు కదిలేవి. మా పాప వాటిని పట్టుకోవాలని గోడ వెంట తిరిగేది.

పెళ్లికూతుళ్లు దువ్వూరు నుంచి, మైదుకూరు నుంచి వచ్చేవాళ్లు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా గడప దగ్గర నావి కాని చెప్పులు పది జతలుండేవి.

ఒకరోజు దువ్వూరు నుంచి ఒక రైతు మా ఆఫీసుకు ఏదో పని మీద వచ్చాడు. నన్ను ఎగాదిగా చూసి, అందరూ వినేట్టుగా అన్నాడు.

"నువ్వు మగ్గం అక్క వాళ్లాయన గదప్పా? మా పాప పెండ్లికి మీ ఇంట్లోనే కుట్టించినాం. ఆయమ్మ చెయ్యి శానా మంచిది."

సెక్షన్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత పదిహేను రోజులు మా వాళ్లు ఫైలు కావాలన్నా, టీకి పోదామన్నా "మగ్గం అక్క వాళ్లాయనా" అనే పిలిచారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ సాయంత్రం ఇంటికి పోయి, ఆ చట్రం తగలకుండా గోడకు ఒరిగి లోపలికి నడుస్తుంటే, నా ఇంట్లో నేనే ఒరిగి నడవాల్సి వచ్చిందే అనిపించింది. కారణమంటే ఇంతే. ఇంతకంటే పెద్దది ఏదైనా ఉందేమోనని చాలా ఏళ్లు వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆ ఏడు బదిలీల కాలం రాగానే దరఖాస్తు పెట్టాను. కుటుంబ కారణాలని రాశాను. ఆర్డరు చేతికొచ్చిన రోజు ఇంటికి వచ్చి, "పులివెందులకు ఏసేసినారు" అన్నాను. ఎవరు వేశారని నా భార్య అడగలేదు. మా వైపు అది అడగరు. యాడో ఎవరో పెద్దాయన కాగితం కదిపి ఉంటాడని అనుకుంటారు. కదిపిన కాగితం మళ్లీ వెనక్కి రావాలంటే ఇంకో పెద్దాయన మాట కావాలి. ఆమె పుట్టిల్లు అట్లాంటి ఇల్లే. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, పొలం, ఊర్లో మాట చెల్లుబడి ఉన్న కుటుంబం. చిన్నప్పటి నుంచి వాళ్ల అరుగు మీద కాగితాలు పట్టుకుని "ఒక్క మాట చెప్పు రెడ్డీ" అని కాచుకుని కూర్చున్న వాళ్లను చూస్తూ పెరిగింది. అందుకే ఆ పూటే అన్నకు ఫోను చేసింది.

రెండు రోజులకు ఆయన నాకు ఫోను చేశాడు. వెనక మోటారు నీళ్లు పడుతున్న శబ్దం.

"బావా, కడపలో కనుక్కున్నా. నీ ఆర్డర్లో రిక్వెస్టు అని ఉందంట. ఏంది కత?"

నేను ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చాను.

"నీ పేరు మీద ఇంకెవరన్నా రాసిచ్చినారా ఏంది?"

"లేదు బావా. నేనే రాసిచ్చినా."

ఆయన మోటారు ఆపేసినట్టున్నాడు, నీళ్ల శబ్దం ఆగిపోయింది.

"సరే. మొగుడూ పెండ్లాల మధ్య మాట ఇది. నేను చెప్తే బాగుండదు. నువ్వే చెప్పు. కానీ తొందరగా చెప్పు బావా. నాన్చేకొద్దీ ముదురుతాది."

చెల్లెలితో మాత్రం ఆయన ఒకే మాటన్నాడు, "నా చేత కాలేదుమ్మా" అని. ఆమె ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "ఊర్లో ఎవరెవరి కొడుకుల బదిలీలో ఆపినాడు. సొంత చెల్లెలికి చేత కాలేదంట." ఆమె గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. అప్పుడు చెప్పి ఉంటే ఒక పూట గొడవతో పోయేది. నేను మంచినీళ్లు తాగడానికి లోపలికి పోయాను.

ప్రభుత్వమే బదిలీ చేస్తే కొత్త చోట చేరడానికి కొన్ని రోజుల గడువిస్తుంది. మనంతట మనం అడిగి పోతే ఆ గడువు రాదు. ఎదురింటి టీచరమ్మ నా భార్యతో ఆ గడువు సంగతి చెప్పినట్టుంది.

"జాయినింగ్ టైమ్ ఉంది గదా," అంది రాత్రి అన్నాలప్పుడు. "పరిగెత్తుకుంటా యాడికి పోవాల? పదకొండేండ్లు ఈడుండి గండికోట చూడల్యా. ఎర్రగుంట్ల మీద పోతే గంటన్నరలో చేరిపోతాం. అట్ల కాకుండా జమ్మలమడుగు మీద తిరిగి, చూసుకుంటా పోదాం."

"పోదాం," అన్నాను. మరుసటి రోజు సొంత సెలవు పెట్టుకున్నాను. ఆ ప్రయాణం మొత్తం నా అబద్ధం మీద నడిచింది. అయినా చెప్తాను, మా జీవితంలో అంత అందమైన రోజు ఇంకొకటి లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

సామాను ముందురోజే లారీలో వెళ్లిపోయి పులివెందుల ఇంట్లో చేరింది. పాలు పొంగించడానికి మేం బయల్దేరే రోజే సాయంత్రం నాలుగు దాటాక మంచి ఘడియ ఉందన్నారు. తోటి ఉద్యోగి పాత కారు అడిగి తీసుకున్నాను. దేవుని పటాలు, పాలగిన్నె, ఊరగాయ జాడీ, మేం ముగ్గురం. పాపకు అప్పుడు ఎనిమిదేళ్లు.

ఆపా తెల్లారకముందే వచ్చి పాప కుడిచేతికి ఒక ఆకుపచ్చ గుడ్డపీలిక కట్టింది. అందులో ఒక రూపాయి బిళ్ల. ప్రయాణం పోయే వాళ్లకు ముస్లింల ఇళ్లలో అట్లా కట్టి సాగనంపుతారు.

"చేరినాక విప్పి, లేనోళ్లకు ఎవరికన్నా ఇయ్యి బేటీ," అని, నా భార్య వైపు తిరిగింది. "చట్రం తీస్కపోవా? ఆడ పెండ్లికూతుర్లు ఉండరా ఏంది?"

"ఉండనీ ఆపా, నీకాడే ఉండనీ. కొత్త ఊర్లో నేనెవరో ఎవరికి తెల్సు?"

"తెల్సుకుంటారు. సూది దాక్కుంటాదా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆపా కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను కారు స్టార్ట్ చేశాను, చేయాల్సిన దానికంటే ముందే.

జూన్ మొదటి వారం. రాత్రి ఎక్కడో వాన పడ్డట్టుంది, గాలిలో మట్టి వాసన ఉంది. ఊరు దాటగానే ఎడమ పక్క పెన్న కాసేపు కనిపించేది, కాసేపు పోయేది. నీళ్లు లేవు. ఇసుకే నది మాదిరి మెలికలు తిరిగి పారుతున్నట్టుంది. పొద్దు వెనక నుంచి వచ్చి మా కంటే ముందు మా కారు నీడను రోడ్డు మీద పరిచింది. మేం ఆ నీడను తరుముకుంటూ పోతున్నట్టు పాప ముందుకు వంగి చూస్తోంది.

"నాయనా, ఇప్పుడు మన ఇల్లు యాడుంది?"

"పులివెందుల్లో."

"ఆడికి మనం ఇంకా పోలేదు గదా. ప్రొద్దుటూర్ది ఖాళీ చేసినాం గదా. అంటే ఇప్పుడు మనకు ఇల్లు ల్యా?"

"కార్లోనే ఉందిలే," అంది వాళ్లమ్మ, ఒళ్లో ఉన్న ఊరగాయ జాడీని తట్టి. "ఇదో, వంటిల్లు నా ఒళ్లో ఉంది. దేవునిల్లు నీ పక్కనుంది."

"మరి నాయన?"

"మీ నాయన వాకిలి. తలుపు మూసుకోనుంటాడు ఎప్పుడూ."

ముగ్గురం నవ్వుకున్నాం.

జమ్మలమడుగులో ఇడ్లీ, కారందోసెలు పొట్లం కట్టించుకుని మైలవరం డ్యామ్ దగ్గరికి పోయాం. నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నాయి. తగ్గిన చోట బురద ఎండి పలకలు పలకలుగా విచ్చుకుని ఉంది, దాని అవతల నీళ్లు కదలకుండా పడి ఉన్నాయి. ఆకాశమూ అదే రంగు. ఏది నీళ్లో ఏది మబ్బో తెలియని చోట ఒక కొంగ నిలబడి ఉంది. అది గాలిలో నిలబడినట్టే ఉంది. కట్ట మీద కూర్చుని తిన్నాం. పాప పలకల మీద గెంతుతూ దూరంగా పోయింది.

నా భార్య చాలాసేపు నీళ్ల వైపు చూస్తూ కూర్చుంది.

"మనకు ఈ బదిలీ మంచిదే అయితాదేమోలే," అంది ఉన్నట్టుండి. "నీకు కూడా బాధగా ఉంది గదా. ఈ నెల రోజులు నువ్వు సరిగ్గా నిద్రపోల్యా. నాకు తెల్సు."

నాకు నిద్ర పట్టని మాట నిజమే. ఎందుకో ఆమెకు తెలియదు. నన్ను ఓదార్చడానికి ఆమె చెయ్యి నా మోకాలి మీద ఉంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని వేలి కొన గట్టిపడి ఉంది. చెప్పడానికి నోరు తెరిచాను. "పాపా, అంత దూరం పోవద్దు" అని అరిచాను.

గండికోట చేరేసరికి పది దాటింది. పడమటి గాలి విపరీతంగా వీస్తోంది. కోట లోపల ధాన్యం కొట్టు చల్లగా, చీకటిగా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన ఇల్లులా ఉంది. మసీదు దాటి, గుండ్ల మీద నుంచి నడుచుకుంటూ లోయ అంచుకు పోయాం. ఒక్కసారిగా నేల ఆగిపోయింది. అంత లోతున పెన్న ఆకుపచ్చగా, ఏ తొందరా లేకుండా వంపు తిరిగి ఉంది. రెండు పక్కలా ఎర్రరాయి, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చిపెట్టి మరిచిపోయినట్టు వరసలు వరసలుగా ఉంది. నా భార్య కొంగు గాలికి లేచి చప్పుడు చేస్తోంది. పాప వాళ్లమ్మ నడుమును రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుని ఉంది.

"కండ్లు తెరువు పాపా, ఎగిరిపోంలే," అని, నా భార్య ఒక రాతి మీద కూర్చుని ఎదుటి గోడను చూడడం మొదలుపెట్టింది. ఆ చూపు నాకు తెలుసు. గుడ్డ మీద గీత పడకముందు గుడ్డ వైపు చూసే చూపు.

"ఇదో, చూడు. ఆ రాళ్ల వరసలు. సన్నవి రెండు, లావుది ఒకటి, మళ్లీ సన్నవి. ఎర్ర పట్టు మీద రాగి జరీతో చేతికి చుట్టూ ఇదే వేస్తే? కింద నది ఉంది గదా, అది మెడ కాడికి వస్తాది, ఆకుపచ్చ పూసలు. ఎవరూ ఇట్ల వేసిండరు. మర్చిపోక ముందే గీసుకోవాల. కాగితముందా?"

నేను చంకన తగిలించుకున్న సంచిలో నా ఆఫీసు ఫైలు ఉంది. కారులో వదిలితే పోతాయని కాగితాలన్నీ వెంట తెచ్చుకున్నాను. ఆమె చొరవగా సంచి జిప్పు తీసి ఫైలు బయటికి లాగింది. పైనే బదిలీ ఆర్డరు ఉంది. వెనక వైపు ఖాళీ.

"ఇది వాడుకోవచ్చా? వెనకేం ల్యా."

దాని ముందువైపు మూడో వరసలో నా పేరు, పేరు ఎదురుగా "స్వంత అభ్యర్థన మేరకు" అని ఉంది. గాలికి ఆ కాగితం ఆమె చేతిలో అటూ ఇటూ తిరుగుతోంది. ఒకసారి వెనక వైపు, ఒకసారి ముందు వైపు. నేను లాక్కున్నాను. లాక్కోవడమే. ఆమె చేతికి నా గోరు తగిలింది.

"ఏందట్ల లాక్కుంటాండావు? బంగారమా ఏంది అందులో?"

"ఆఫీసు కాగితం. దాని మీద గీస్తారా ఎవరన్నా?"

ఆమె చేతి మీద గీత వైపు చూసుకుంది. నేను సంచిలోనే ఉన్న పాప నోటుబుక్కులోంచి పేజీ చింపి ఇచ్చాను. తీసుకుని, మడిచి, జాకెట్లో దోపుకుంది.

"గీసుకోవా?"

"మర్చిపోయినా," అంది.

మళ్లీ జమ్మలమడుగు దగ్గరికి వచ్చి ముద్దనూరు దారి పట్టాం. ఎండ ముదిరింది. నల్లరేగడి పొలాలు దున్ని సిద్ధంగా పెట్టి ఉన్నాయి, మనిషి జాడ లేదు. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఎండమావిలో కాళ్లు లేకుండా తేలుతున్నాయి. పాప నిద్రపోయింది. నా భార్య అద్దానికి తల ఆనించి కళ్లు తెరిచే ఉంది. ఎదురుగా రోడ్డు నీళ్లలా మెరుస్తుంది, దగ్గరికి పోతే ఉండదు, మళ్లీ ముందు మెరుస్తుంది. ఆ దారి అట్లనే పోతూ ఉంటే బాగుండునని, తొండూరు రాకపోతే బాగుండునని అనిపించింది.

తొండూరు వచ్చింది. రోడ్డు పక్క వేపచెట్టు కింద మోటార్‌సైకిల్ ఆపుకుని బావ నిలబడి ఉన్నాడు. హ్యాండిల్‌కు ఒక పక్క చీనీకాయల సంచి, ఇంకో పక్క కొత్తబట్టల సంచి. చెల్లెలు కొత్త ఇంట్లో చేరుతుంటే పుట్టింటివాళ్లు వెంట వచ్చి బట్టలు పెట్టాలి. పాలు పొంగేటప్పుడు పక్కన ఉండాలి. ఆయన తలకు నూనె రాసి దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో చొక్కా వీపున తడిసి అంటుకుంది.

కారు ఆపాను. ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, దిగు. వదిన సంగటి చేసింది, కోడికూర చేసింది. తినేసి పోదురు. మీ వెనకే నేనూ వస్తా."

"మాకు టైమ్ ల్యా."

"నాలుగింటికి గదా. ఈడి నుంచి ఎంతసేపు?"

"పాలు మేమే పొంగించుకుంటాంలే. ఊర్లో శానా మందికి పనులుంటాయి నీకు. వాళ్లకు చేసిపెట్టుకో పో."

ఆయన నవ్వబోయాడు. "ఏందమ్మీ, రోడ్డు మీదనా?"

"మరి యాడ? మీ అరుగు మీద కూచోని అడగాల్నా, అందరితో పాటు? అడిగినా గదా. నా చేత కాలేదంటివే. ఒక్క మాట. ఒక్క మాట చెప్పింటే నేను నా ఇల్లు ఇడిచిపెట్టి వచ్చేదాన్నా?"

బావ తల ఎత్తి, ఆమె మీదుగా నా వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. అడగడం కూడా లేదు. ఇప్పుడు చెప్తావు గదా అన్న నమ్మకం మాత్రం ఉంది. ఎద్దు గాడి తప్పితే రైతు కొంచెంసేపు ఊరికే నిలబడి చూస్తాడు, అదే వస్తుందిలే అని. అట్లా చూశాడు.

నేను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని గేరు రాడ్ వైపు చూస్తూ కూర్చున్నాను.

చివరికి ఆయన చీనీకాయల సంచి వెనక సీటులో నిద్రపోతున్న పాప కాళ్ల దగ్గర పెట్టాడు. బట్టల సంచి పెట్టలేదు. పిలవని ఇంటికి బట్టలు పెట్టడం మర్యాద కాదు.

"జాగ్రత్తగా పో బావా," అన్నాడు.

అద్దంలో చాలా దూరం కనిపించాడు. వేపచెట్టు నీడలోంచి ఎండలోకి వచ్చి నిలబడి ఉన్నాడు. కారు నిండా చీనీ వాసన. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని తెలిసి కూడా నేను దారి వైపే చూశాను.

నాలుగు దాటాక పాలు పొంగాయి. తూర్పు వైపే పొంగాయి, శుభం అన్నారు ఇంటి ఓనరమ్మ. మరుసటి రోజు పాప చేతి పీలిక విప్పి దర్గా ముందు కూర్చున్న ఒక ముసలామెకు ఇచ్చింది. అట్లా మా ప్రయాణం ముగిసింది.

పులివెందులలో మేం బాగానే బతికాం. కానీ ఆమె మళ్లీ చట్రం కట్టలేదు. ఎవరో ప్రొద్దుటూరులో విని, వెతుక్కుంటూ వచ్చి అడిగినా, "అదంతా ఆడి మాటలు, ఇప్పుడు కండ్లు ఆనవు" అని పంపేసేది. అప్పుడు ఆమెకు ముప్పై నాలుగేళ్లు. టీవీ చూస్తూ చూస్తూ కుడిచేతి వేళ్లు చీర కుచ్చిళ్ల మీద ఎత్తి దించుతూ ఉండేది. తెలియకుండానే. నేను ఛానల్ మార్చేవాణ్ణి.

పాప పెద్దమనిషైనప్పుడు మేనమామ చీర పెట్టాలి. బావ తన భార్యతో పళ్లెంలో పట్టుచీర, నువ్వులుండలు పంపించాడు. తను వీధి చివర మోటార్‌సైకిల్ మీద కూర్చుని ఉన్నాడు, పిలిస్తే వద్దామని. నా భార్య ఆ పళ్లేన్ని రెండు చేతులా ఎత్తి వదిన చేతిలోనే పెట్టింది. దూరపు వరస అన్న ఒకాయన మేనమామ స్థానంలో కూర్చున్నాడు. నేను వీధి చివరికి పోలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేయించే పనిలో ఉన్నాను.

ఈ ఏడు పాపకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది. హాస్టల్లో దింపడానికి ముగ్గురం పోయాం. గదిలో ట్రంకు పెట్టె సర్దుతుంటే పాప పక్క మంచం అమ్మాయితో మాట్లాడుతోంది. ఆ అమ్మాయి తన మామ పైవాళ్లతో మాట్లాడి గది మార్పిస్తాడని ఏదో అంటోంది.

మా పాప అంది, "మామలను నమ్ముకోవద్దు. మా మామ ఒక్క మాట చెప్పింటే మా అమ్మ పని పోయిండదు. సొంతోళ్లే ముందు వదిలేస్తారు. మా అమ్మ చెప్తాది."

చాలా మామూలుగా, పాఠం అప్పజెప్పినట్టుగా అంది. దిండుకు గలీబు తొడుగుతున్న నా చేతులు ఆగిపోయాయి. నేను చెప్పిన అబద్ధం నా భార్య బాధ అయింది. ఆ బాధ నా కూతురికి లోకజ్ఞానం అయింది. అది పట్టుకుని ఆ పిల్ల కొత్త బతుకులోకి పోతోంది.

తిరిగి వచ్చేటప్పుడు వేంపల్లె దాటాక కారు రోడ్డు పక్కకు తీసి ఆపాను. మధ్యాహ్నం. కొండ మీద మబ్బు నీడ మెల్లగా జరుగుతోంది.

"ఏమైంది? బండికేమన్నా అయిందా?"

"బదిలీ నేనే అడిగినా," అన్నాను. "ప్రొద్దుటూరు నుంచి. ఎవరూ ఏయలేదు. నేనే రాసిచ్చినా."

ఆ నీడ కొండ దిగి, పొలం దాటి, మా కారు మీదుగా పోయింది.

"మా అన్నకు తెల్సా?"

"తెల్సు. మొదటి నుంచి తెల్సు."

"నాకెందుకు చెప్పల్యా?"

"నన్ను చెప్పుకోమన్నాడు."

ఎనిమిదేళ్లు ఆమె ముఖం మీదుగా ఒక్కొక్కటిగా పోవడం చూశాను. వేపచెట్టు, చీర పళ్లెం, ఎన్ని పండగలో. గట్టిగా తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"తొండూరుకు పోనీ," అంది.

పులివెందులలో మా వీధి మొగను దాటి ముందుకే పోయాం. దారి పొడవునా ఆమె నా వైపు చూడలేదు. బావ ఇంట్లో లేడు, తోటలో ఉన్నాడన్నారు. చీనీ చెట్ల కింద డ్రిప్ పైపు మూసుకుపోతే, గొంతుక్కూర్చుని నోటితో ఊదుతున్నాడు. జుట్టు నెరిసింది. మమ్మల్ని చూసి లేచి, మూతికి అంటిన బురద తుడుచుకున్నాడు. చెల్లెలు ఆయన ముందుకు పోయి నిలబడింది. ఆయన చెయ్యి పట్టుకుని, ఆ చేతిని తన తలకు ఆనించుకుంది.

"ఏందమ్మీ? పాపకేమన్నా అయిందా?" అని ఆయన భయపడ్డాడు. తర్వాత నా ముఖం చూశాడు. అర్థమైంది. "చెప్పినాడా," అన్నాడు మెల్లగా.

"ఎన్ని మాటలన్నా నిన్ను," అంది ఆమె. "ఎందుకు పడినావు? నా మీద నాలుగు ఏసి చెప్పిండొచ్చు గదా."

"చెప్తే నువ్వు వీన్తో ఉంటావో లేదో అని భయపడితి. నేనైతే అన్నను. ఎప్పటికన్నా తిరిగొస్తావులే అనుకుంటి."

నేను బావ ముందుకు వచ్చాను. ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటలు చాలా ఉన్నాయి. "బావా, నేను..." అన్నాను.

"నాకు తెల్సిన సంగతి నాకెందుకు చెప్తాండావు బావా," అన్నాడు ఆయన. "ఆమెకు చెప్పు."

ఆమె తిరిగి నా వైపు చూసింది, వేంపల్లె దాటాక కారు ఆపి చెప్పినప్పటి నుంచి మొదటిసారి.

"ఎందుకు అడిగినావు బదిలీ? అది చెప్పల్యా నువ్వు."

"నీ పని ఓర్చుకోలేక," అన్నాను. "ఆఫీసులో నన్ను నీ పేరు చెప్పి పిలిచినారు. దానికే. ఇంకేం ల్యా. నీకు చేతి నిండా పని ఉన్న ఊరి నుంచి నిన్ను లాక్కొచ్చినా. అదీ చాలక మీ అన్నను నీకు కాకుండా చేసినా. రోడ్డు మీద నువ్వు ఆయన్ను అంటాంటే పక్కన కూచోని విన్నా. ఆయన తప్పు ఏం ల్యా. నీ తప్పు ఏం ల్యా. తప్పంతా నాది. నన్ను మన్నించు."